మేళాలో కొవ్వొత్తులు వెలిగించి పెట్టాలా, ఊరికే పేర్చాలా?

కొత్తబల్ల:
దీపావళి ముందు శనాదివారాల్లో మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో చేతిపనుల మేళా పెడుతున్నారు. ఆరడుగుల బల్ల ఇస్తారట, పైన షామియానా. గాజు గ్లాసుల్లో పోసిన సోయా మైనం సువాసన కొవ్వొత్తులు, తేనెమైనం షీట్లు చుట్టినవి, అచ్చుల్లో పోసిన తామరపూల ఆకారపువి తెస్తున్నాను. "రెండు మూడు వెలిగించి పెట్టు వదినా, లేకపోతే ఎవరూ ఆగరు" అంటోంది మా ఆడపడుచు. మా వారేమో వద్దంటున్నారు. మేళాల్లో స్టాల్ పెట్టినవాళ్ళు చెప్పండి.

సర్జాపూర్‌రోడ్:
వెలిగించాలండి. చీకటి పడ్డాకే జనం దిగుతారు, వెలుగున్న బల్ల వైపే నడుస్తారు. ఇంకో సంగతి: మైనం గడ్డగా ఉన్నప్పుడు వచ్చే వాసన వేరు, కాలేటప్పుడు వచ్చేది వేరు. ఆ రెండోది తెలియకుండా నాలుగొందలు ఎవరు పెడతారు?

తేనెమైనం:
వాసన తేడా నిజమే. కానీ అది తెలియాలంటే తలుపులు వేసిన గది కావాలి. నాలుగు వైపులా తెరిచి ఉన్న షామియానా కింద ఆ వాసన ఎక్కడ నిలుస్తుందండి? నిలిచినా, వెలుగుతున్న సంపంగి పక్కనున్న గంధాన్ని, నిమ్మగడ్డిని కమ్మేస్తుంది.

స్టాండు ఫ్యాను గాలికి మంట ఒక పక్కకు వంగుతుంది. ఆ వైపు మైనం కరుగుతుంది, రెండో వైపు గోడలా మిగులుతుంది, గాజుకు మసి పడుతుంది. ఎంతో శ్రద్ధగా వత్తి ఎంచి పోసిన కొవ్వొత్తి కొనేవాళ్ళకు మొదట కనిపించేది ఆ రూపంలోనా? నాకైతే మనసొప్పదు. పండగ రోజులు, అందరూ పట్టుచీరల్లో బల్ల మీదికి వంగి చూస్తారు. పిల్లల చేతులు సరిగ్గా బల్ల ఎత్తుకే వస్తాయి. పైన చూస్తే గుడ్డ పందిరి. మీ వారి మాటే వినండి.

ఇక పేర్చడం. బల్ల వెనక సగంలో చెక్క పెట్టెలు బోర్లించి, వాటి మీద ఒకే రంగు ముతక గుడ్డ పరవండి. మెట్లలా రావాలి. గ్లాసులు పై మెట్టున, నిలబడ్డవాళ్ళ చూపుకు అందేలా. తామరపూలు ముందు, చేతికి అందేచోట. అవి పట్టుకుని చూస్తేనే అమ్ముడుపోతాయి. అన్నీ బయటపెట్టకండి. ఒక్కో రకానివి మూడు నాలుగు చాలు, మిగతావి బల్ల కింద నీడలో ఉంచి, అమ్ముడైనప్పుడల్లా తీసి పెట్టండి.

రంగుల వరసలో పెడితే ఫొటోకు బాగుంటుంది. అయినా నేను వాసనల వారీగానే పెడతాను: మల్లె, సంపంగి ఒకచోట, గంధం, వట్టివేరు ఒకచోట, నారింజ, నిమ్మగడ్డి ఒకచోట. వచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఇది ఏ వాసన?" అనే కదా. ప్రతి గుంపుకూ మూత పెట్టిన గ్లాసు ఒకటి విడిగా ఉంచండి. వాసన మూత లోపల పేరుకుంటుంది కాబట్టి, మూత తీసి అదే ముక్కు దగ్గరికి ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఇంట్లో ఒక గ్లాసును మూడు నాలుగు గంటలు వెలిగించండి. కరిగిన మైనం చుట్టూ గాజు గోడ దాకా చేరాక ఆర్పి, చల్లారనిచ్చి, బల్ల మీద ఉంచండి. సమంగా కాలుతుందని మీరు నోటితో చెప్పక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది.

ఎండ ఏ వైపు నుంచి వస్తుందో ముందే చూసుకోండి. తేనెమైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి, కానీ చుట్టిన షీట్లు అంతకు చాలా ముందే మెత్తబడి వంగిపోతాయి. గ్లాసుల్లో పోసే సోయా మైనం ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది. ఎండకు రంగులూ వెలిసిపోతాయి. తేనెమైనం మీద తెల్లటి పొర కనిపిస్తే పాడైందనుకుంటారు. అది సహజంగా వచ్చేదే, మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ మాట చిన్న చీటీ మీద రాసి పెట్టండి.

హెబ్బాళవాసి:
పేర్చడం గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ బల్ల చివర, గాజు చిమ్నీ లోపల ఒక్కటే వెలిగించి పెడితే తప్పేముంది? గాలి తగలదు, పైటా తగలదు. మంట లేని కొవ్వొత్తుల బల్ల బోసిగా ఉంటుందండి. కుమారకృప రోడ్డులో చిత్రకళా పరిషత్ ఆవరణ సంతల్లో చూస్తుంటాను కదా, జనం ఒక్క చూపు చూసి ముందుకెళ్ళిపోతారు. వాళ్ళను ఆపాలి ముందు.

తేనెమైనం:
చిమ్నీ పైభాగం చెయ్యి కాల్చేంత వేడెక్కుతుందండి. కొనేవాళ్ళకు చిల్లర ఇస్తూ దాని మీద కన్ను వేసి ఉంచాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆపడానికే అయితే పసుపు కాంతి దీపం ఒకటి పక్క నుంచి పడనివ్వండి. తేనెమైనం మీద ఆ వెలుగు పడితే చాలా అందంగా ఉంటుంది. బ్యాటరీ కొవ్వొత్తులు మాత్రం వద్దు, మీరు పోసిన వాటి మధ్య అవి కూడా సరుకే అనుకుంటారు.

సర్జాపూర్‌రోడ్:
మూత వాసన మాట బాగుంది, తీసుకుంటాను. వెలిగించడం మాత్రం నేను మానను. మా మేళా హాల్లో జరుగుతుంది, ఫ్యాన్లు ఆపిస్తాను, మా చెల్లి పక్కనే కూర్చుంటుంది.

తేనెమైనం:
హాలైతే నిర్వాహకులను ముందే అడగండి, చాలాచోట్ల మంట పెట్టనివ్వరు. సరేనన్నా రెండు వెలిగించేటట్టయితే మధ్య కనీసం మూడంగుళాలు వదలండి, వత్తి ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించండి, నాలుగు గంటలకు మించి ఆపకుండా కాలనివ్వకండి.

కొత్తబల్ల:
మాది షామియానా కాబట్టి వెలిగించను. ఇవాళే ఒక గంధం గ్లాసు ఇంట్లో కాల్చి పెడతాను. చెక్క పెట్టెలు కలాసిపాళ్యం పండ్ల దుకాణాల్లో దొరుకుతాయేమో, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.