కులం గురించి చెప్పడానికి పిల్లలకు వేరే లోకం కథ కావాలా?

పాలమూరు చదువరి (మహబూబ్‌నగర్):

నమస్తే అందరికీ. చాన్నాళ్ల నుంచి మనసులో తిరుగుతున్న విషయం ఇది. మీ మాట వినాలనే ఇక్కడ పెడుతున్నా.

మా ఇంట్లో ఆదివారం పొద్దున ఇంటర్ పిల్లలు, డిగ్రీలో కొత్తగా చేరినవాళ్లు పది పన్నెండు మంది కూర్చుని ఏదో ఒక పుస్తకం చదువుతారు. ఈసారి ఇంగ్లీషు కూడా కాస్త మెరుగవుతుందని 'నాట్స్ అండ్ క్రాసెస్' నవల తీసుకున్నాం. బ్రిటన్ రచయిత్రి మలోరీ బ్లాక్‌మన్ 2001లో టీనేజీ పిల్లల కోసం రాశారు. చదవనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. ఆ లోకంలో పెత్తనం నల్లవాళ్లది, తెల్లవాళ్లు కిందివాళ్లు. పైవాళ్లను క్రాసులంటారు, కిందివాళ్లను నాట్స్, అంటే సున్నాలు. సెఫీ పెద్ద రాజకీయ నాయకుడి కూతురు. కాలమ్ ఏమో సెఫీ వాళ్లింట్లో పనిచేసిన ఆమె కొడుకు. పిల్లలిద్దరూ కలిసి ఆడుకుని పెరుగుతారు, ఆమెను పనిలోంచి తీసేశాక కూడా దొంగచాటుగా కలుసుకుంటూ ఉంటారు. పెద్దయ్యేకొద్దీ వాళ్ల ఇద్దరి ఇళ్లూ ముక్కలవుతాయి. ముగింపు చెప్పను.

అందులో ఒక చిన్న సంగతి ఉంది. ఒక నాట్ అమ్మాయి దెబ్బ తగిలి ప్లాస్టర్ వేసుకుంటే అది ముదురు గోధుమ రంగులో ఉండి ఆమె తెల్లటి ఒంటి మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. షాపుల్లో ఆ ఒక్క రంగే అమ్ముతారు మరి. ఈ పేజీ దగ్గర మా పిల్లలు అరగంట ఆగిపోయారు. బాగా ఉన్న ఇంటి నుంచి వచ్చే ఒక అమ్మాయి కాలమ్ గురించి మాట్లాడుతూ ఏడ్చేసింది. ఆమె పక్కన కూర్చున్న అబ్బాయి మాత్రం "నాకు ఏడుపు రాలేదు మేడం, మా అమ్మ పనిచేసే ఇంట్లో ఆమె గ్లాసు వేరే ఉంటది, దానికి ఇంత పెద్ద కథ ఎందుకు" అన్నాడు. వాళ్లమ్మ హైదరాబాద్‌లో ఉంటుంది, పండుగకు వస్తుంది. వీడు నాయనమ్మ దగ్గర పెరిగాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకూ వెంటనే జవాబు దొరకలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఇలాంటి ఊహాలోకపు నవలలు మన పిల్లలకు ఇవ్వాలా, లేక మన ఊళ్లో ఉన్నదే నేరుగా చెప్పాలా? ఇవ్వాలనే నా అభిప్రాయం. ఆ అమ్మాయికి కులం గురించి నేరుగా చెప్పి ఉంటే "మా ఇంట్లో అట్లాంటివి లేవు మేడం" అని అక్కడే తలుపు మూసేసేది. సెఫీ పక్కన కూర్చుని ఆ లోకమంతా తిరిగింది కాబట్టే లోపలిదాకా పోయింది.

మూసీ ఒడ్డు (నల్లగొండ):

అక్కా, మీరు చేస్తున్న పని మీద గౌరవంతోనే అంటున్నా, నేను ఒప్పుకోను.

నల్లగొండ పిల్లలకు విడిపోయిన కుటుంబం అంటే ఏందో చెప్పడానికి ఊహాలోకం ఎందుకక్కా? వెట్టికి వ్యతిరేకంగా, భూమి కోసం ఊళ్లకు ఊళ్లు లేచిన జిల్లా ఇది. అదే జిల్లాలో 2018 సెప్టెంబర్‌లో, మిర్యాలగూడలో, కడుపుతో ఉన్న బిడ్డ కళ్ల ముందే ఆమె భర్తను నరికి చంపారు. చంపించింది ఆమె కన్నతండ్రి. అబ్బాయిది దళిత కుటుంబం, కారణం అంతే. నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ నాటికి ఆ తండ్రి బతికి లేడు. కోర్టు ఎంత శిక్ష వేసినా రెండు ఇళ్లల్లో మిగిలింది ఏముంది? ఇంతకంటే భయంకరమైన లోకాన్ని ఏ రచయిత ఊహించగలడు?

ఇంకో మాట. ఆ నవల్లో రంగు ఉంది. చూడగానే ఎవరు ఎవరో తెలుస్తది. మన దగ్గర తెలువదు. మా వాడలో పాలలెక్క తెల్లగ ఉన్నోళ్లున్నరు, ఊళ్లో పెద్దిళ్లల్లో నల్లగ ఉన్నోళ్లున్నరు. అందుకే ఇక్కడ అడుగుతరు. మొదలు ఊరు, తర్వాత ఇంటిపేరు, అప్పటికీ తేలకపోతే "మీరేమోళ్లు" అని నేరుగానే. నేను హైదరాబాద్‌లో కిరాయి ఇల్లు వెతుక్కున్నప్పుడు ఒకే వారంలో నాలుగు ఇళ్లల్లో ఈ మూడు ప్రశ్నలు అదే వరుసలో వచ్చినయి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పినంక "మావాళ్లను అడిగి చెప్తం" అన్నరు, నాలుగు చోట్లా. వివక్ష అంటే ఒంటి రంగుకు జరిగేది అని నేర్చుకున్న పిల్ల, "అయితే మన దగ్గర లేదు" అని సంతోషంగా పుస్తకం మూసేస్తది. నాకు భయం అదే.

ఆ అబ్బాయి అన్నది ముమ్మాటికీ నిజం. వాడికి ఆ కథ అవసరం లేదు.

వనపర్తి అమ్మ:

నాది చిన్న ప్రశ్న. మా బాబుకు పదిహేనేళ్లు. ఆ వయసులో ఇంత చీకటి ఉన్న కథలు ఇస్తే లోకం మీదే నమ్మకం పోదా? అసలే చదువుల టెన్షన్‌లో ఉంటారు. చెప్పొద్దు అనడం లేదు, ఎప్పుడు చెప్పాలి అని అడుగుతున్నా. మా ఇంట్లో మేము కులం మాటే ఎత్తం, వాడికి తెలియకుండా పెంచుతున్నాం.

దేవరకొండ తొవ్వ:

వనపర్తి అమ్మ గారూ, కోపం తెచ్చుకోకండి. మీ బాబుకు తెలియకుండా పెంచగలుగుతున్నారంటే మీరు ఆ వైపు ఉన్నారు. మా అమ్మానాన్నలకు ఆ వీలు లేకుండె. నాకు ఆరేళ్లప్పుడే తెలిసింది. బోరింగు దగ్గర నా బిందె తగిలిందని ఒకామె తన బిందె నీళ్లన్నీ పారబోసి, చింతపండుతో తోమి మళ్లీ పట్టుకుంది. పదిహేనేళ్లకు లోకం మీద నమ్మకం పోతుందేమో అని మీరు భయపడుతున్నారు, మాకు ఆరేళ్లకే పోయిన నమ్మకం పుస్తకాల వల్ల కొంచెం తిరిగొచ్చింది.

నేను ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న. మూసీ ఒడ్డు అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. అదే నవల నేను తొమ్మిదో తరగతి సెలవుల్లో చదివిన, మా సీనియర్ అక్క ఇచ్చింది. ఇంగ్లీషు సగమే అర్థమైంది. కానీ కాలమ్ పైవాళ్ల బడిలో చేరిన మొదటి రోజు, గేటు బయట జనం అరుస్తుంటే లోపలికి నడిచే చోటు ఉంది కదా, అది చదివి రాత్రంతా నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, అమెరికాలో 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ల బడికి పోతే అచ్చం అట్లనే గుంపులు అడ్డం నిలబడ్డయని, చివరికి సైన్యం వచ్చి వాళ్లను లోపలికి తీసుకపోయిందని. ఎక్కడో సముద్రాల అవతల నా ఈడు పిల్లలు నాలాగే బడి గేటు ముందు వణికిన్రని తెలిస్తే ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. అప్పటిదాకా అది మా వాడకు పట్టిన శని అనుకున్న. మనుషులు చేసిన ఏర్పాటు, చాలా చోట్ల చేసిన్రు, కొన్ని చోట్ల తీసేసిన్రు కూడా అని తెల్వడం చిన్న విషయం కాదన్నా. కాబట్టి ఆ అబ్బాయికి కథ అవసరం లేదు అనకండి. వాడికి ఏడుపు రాలేదన్నాడు అంతే, అవసరం లేదని అనలేదు.

నా ఫిర్యాదు వేరే. ఈ కథల్లో మావాళ్లు ఎప్పుడూ చచ్చిపోతారు. పైవాళ్ల అమ్మాయికి కళ్లు తెరుచుకోవడానికి మా అబ్బాయి చావాలి. సినిమాల్లో అంతే, నవలల్లో అంతే. ఒక్కసారి ఆ అబ్బాయి బతికి, ముప్పై ఏళ్లొచ్చి, పెళ్లాంతో కూరగాయల దగ్గర గొడవపడుతుంటే చదవాలని ఉంది నాకు. అలాంటిది ఎవరన్నా రాస్తే రాత్రికి రాత్రే చదివేస్తా.

తెలుగు సారు (నాగర్‌కర్నూల్):

ఊహ అనేది బయటి నుంచి తెచ్చుకున్నదన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఒక్క మాట. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. అందులో ఉన్నది ఊహే కదా. గుళ్లోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన బాధను కాశీలోని శివుడికి చెప్పుకోవాలి. పూజారి లేనప్పుడు ఆ దేవుడి చెవిలో చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, ఎందుకంటే మనిషికి మూసిన గుడి గబ్బిలానికి తెరిచే ఉంది. కాళిదాసు మేఘాన్ని పంపితే ఈయన గబ్బిలాన్ని పంపాడు. ఎనభై ఏళ్ల కిందటే ఒక తెలుగు కవి నేరుగా చెప్పగలిగిన విషయాన్ని పక్క దారిన చెప్పాడంటే అది తప్పించుకోవడం కాదు. తరగతిలో నేరుగా "అంటరానితనం ఒక నేరం" అని చెప్తే పిల్లలు నోట్సు రాసుకుంటారు. "గబ్బిలానికి ఉన్న హక్కు మనిషికి లేదా" అని అడిగితే పెన్ను ఆగుతుంది. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా.

పాలమూరు చదువరి:

దేవరకొండ తమ్ముడూ, నీ మాటలు రెండుసార్లు చదివిన. బిందె సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయిన.

మూసీ ఒడ్డు గారూ, రంగు గురించి మీరన్నది గట్టి మాట, దానికి జవాబు చెప్పాలి. నిజమే, కులానికి ఒంటి మీద గుర్తు లేదు. కానీ జాతికి కూడా అనుకున్నంత స్పష్టమైన గుర్తు లేదండీ. దక్షిణాఫ్రికాలో 1950లో మనుషులందరినీ జాతుల వారీగా నమోదు చేసే చట్టం తెచ్చారు. ఎవరు ఏ జాతో తేలకపోతే అధికారులు జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు, జారిపడితే ఒక జాతి, నిలబడితే ఇంకో జాతి. అట్లా ఒకే కుటుంబంలో వాళ్లకు వేర్వేరు జాతులు రాసి విడదీసిన సందర్భాలున్నాయి. మీరు చెప్పిన ఇంటిపేరు ప్రశ్నకూ ఆ పెన్సిల్‌కూ తేడా ఏముంది? రెండూ కనబడని దాన్ని కనబడేట్టు చేయడానికే.

అక్కడ ఆ నమోదు కంటే ముందే, 1949లోనే, తెల్లవాళ్లు ఇతరులను పెళ్లి చేసుకోకుండా చట్టం చేశారు. అది 1985 దాకా ఉంది. అమెరికాలో ఇలాంటి నిషేధాలను సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో. అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీలో విద్యార్థిగా ఉండగా, 1916లోనే, కులం నిలబడేది సొంత కులంలోనే పెళ్లి అనే కట్టు మీద అని చెప్పారు. జాతి అయినా కులమైనా చివరికి కాపలా కాసేది పెళ్లి దగ్గరే. అందుకే ఈ నవలల్లో కుటుంబం విడిపోవడం అనేది పక్క కథ కాదు, అసలు కథ అదే అని నేను నమ్ముతున్నా. మిర్యాలగూడ సంగతి మీరు చెప్పిన తర్వాత ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

అయితే ఒకటి ఒప్పుకుంటా. పుస్తకం అయిపోగానే నేను అక్కడ ఆపేశాను. "ఇది మన ఇంట్లో ఎక్కడుంది" అని అడగలేదు. ఆ అబ్బాయి అడిగాడు. అడగాల్సింది నేను.

మూసీ ఒడ్డు:

అక్కా, పెన్సిల్ సంగతి నాకు తెలువదు. ఆలోచించాల్సిందే. రంగు విషయంలో నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా.

నేను ఎందుకు అంత గట్టిగ మాట్లాడిన్నో కూడా చెప్పాలి. మా అక్క వేరే కులం అబ్బాయిని చేసుకుని తొమ్మిదేళ్లయింది. వాళ్లది మాకంటే 'పై' కులం. అవతలోళ్లు ఇంట్లకు రానియ్యలేదు, అది అనుకున్నదే. మా బాపు కూడా రానియ్యలేదు. "వాళ్లు మనల్ని మనుషులుగ చూడలేదు, వాళ్లింటి పిల్లగాన్ని నేనెందుకు చూడాలె" అని పట్టు పట్టిండు. ఆయన చిన్నప్పుడు వాళ్లసొంటోళ్ల ఇంట్ల జీతం ఉన్నోడు, ఆ కోపం ఎక్కడిదో నాకు తెలుసు, అయినా అక్క ఏం చేసింది? మా అమ్మ ఫోన్ల మనుమరాలిని చూసుకుంటది, బాపు లేనప్పుడు. బాపు రాంగనే ఫోన్ బోర్లేస్తది. మీరు చెప్పిన నవల్లో అవతలి ఇల్లు ఎట్ల ముక్కలయిందో ఇవతలి ఇల్లు కూడా అట్లనే ముక్కలయింది అన్నరు చూడండి, అది చదివి ఆగిపోయిన. ఇది మన భాషల, మన ఊరి పేర్లతోటి, పదహారేళ్ల పిల్లలు చదివేటట్టు రాసినోళ్లు నాకైతే కనబడలేదు. నా ఆరాటం అదే. బయటి పుస్తకం వద్దని కాదు, మనది లేకుండ బయటిది ఒక్కటే ఉండొద్దని.

వనపర్తి అమ్మ:

దేవరకొండ బాబూ, నీ మీద కోపం రాలేదు. రాత్రి మా ఆయనకు చదివి వినిపించాను. ఈ ఎండాకాలం సెలవుల్లో ఆ పుస్తకం మా వాడితో కలిసి నేనూ చదువుతా. నాకూ తెలియాలి.

పాలమూరు చదువరి:

మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి నిన్న వచ్చింది. వాళ్ల ఇంటి వెనక వాకిట్లో, కిటికీ మీద బోర్లించి ఒక స్టీలు గ్లాసు ఉంటుందట, చిన్నప్పటి నుంచి చూస్తోందట, ఎవరిదని ఎప్పుడూ అడగలేదట. ఈ వారం అడిగింది. వాళ్ల నాయనమ్మ "పనామెది" అన్నదట మామూలుగా. ఈ పిల్ల దాన్ని కడిగి లోపల మిగతా గ్లాసుల్లో కలిపేసింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు, మూడో రోజు ఆ గ్లాసు మళ్లీ కిటికీ మీదికి వచ్చింది. "ఇప్పుడు ఏం చేయాలి మేడం" అని అడుగుతోంది. ఏం చేయాలో ఆదివారం అందరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. ఆ అబ్బాయి కూడా ఉంటాడు.

ఆ ఆదివారమే 'గబ్బిలం' మొదలుపెడుతున్నాం, నాగర్‌కర్నూల్ సారు వస్తామన్నారు. మూసీ ఒడ్డు గారూ, మీరు కూడా రండి. మీ అక్క సంగతి ఆమెకు ఇష్టమైతేనే పిల్లలకు చెప్పండి, లేకపోతే ఊరికే కూర్చోండి చాలు. నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పొద్దటి బస్సు ఎక్కితే మధ్యాహ్నం లోపు అందుకుంటారు. భోజనం మా ఇంట్లోనే.