బ్యాక్‌రూమ్స్ గేమ్ చూసి పిల్లోడు నడవలోకి పోవడం లేదు. ఆ పసుపు గది ఫోటో అసలు ఎక్కడిది?

బురుజు జిరాక్స్ (కర్నూలు):

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, దాని వెనక కథ కొంచెం పెద్దది. ఓపిక పట్టండి.

మా అక్క కొడుకు బెంగళూరులో ఐదో తరగతి చదువుతున్నాడు. ఎండాకాలం సెలవులకు కర్నూలు వచ్చాడు. మాది కొండారెడ్డి బురుజు దగ్గర పాత ఇల్లు. వీధి తలుపు నుంచి పెరటి దాకా పొడుగాటి నడవ. కింద బేతంచర్ల నాపరాళ్లు, గోడలకు ఎప్పుడో మా నాయన వేయించిన పసుపు డిస్టెంపర్. మధ్యలో ఒకే ఒక్క పాత ట్యూబ్‌లైటు. దాని చోక్ ముసలిదైపోయి రాత్రయితే జుమ్మని ఒకటే మోత. ఏళ్ల తరబడి వింటున్నాం కాబట్టి మాకెవరికీ ఆ మోత వినబడదు.

వీడికి వినబడింది. మొదటి రాత్రే బాత్రూముకని లేచి, నడవ మొదట్లో నిలబడిపోయి, "మామా, ఇది లెవెల్ జీరో" అన్నాడు. బ్యాక్‌రూమ్స్‌లో మొదట తేలే పసుపు గదుల పేరట అది. బాత్రూము పెరట్లో ఉంది. పోవాలంటే నడవ దాటాలి. అప్పటి నుంచి రోజూ రాత్రి రెండింటికి నన్ను లేపుతున్నాడు. నేను ముందు నడవాలి, వాడు నా లుంగీ అంచు పట్టుకుని వెనక రావాలి. గోడ మాత్రం తాకడు. తాకితే గోడలోకి పడిపోయి ఆ పసుపు గదుల్లో తేలతాడట, మళ్లీ బయటికి దారి ఉండదట.

సంగతేందో చూద్దామని షాపు కంప్యూటర్లో ఆ గేమ్ వీడియో గంటసేపు చూశా. మొదటి అరగంట దయ్యం లేదు, రక్తం లేదు. ఖాళీ గదులు, పసుపు గోడకాగితం, తడిసిన తివాచీ, లైట్ల మోత, అంతే. ఆ మోత అచ్చం మా చోక్‌దే. షట్టర్ దించేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నా. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇలాంటివి నాకు కొత్త కాదు. 2012లో ఇదే షాపు నెట్ సెంటర్. గంటకు 15 రూపాయలు. అప్పుడు స్లెండర్ అనే ఫ్రీ గేమ్ వచ్చింది. ఇంటర్ పిల్లలు నలుగురు ఒక కుర్చీలో ఇరుక్కుని, లైటు ఆర్పమని నన్నే బతిమాలేవాళ్లు. ఒకడు హెడ్‌సెట్ తీయడం మరిచిపోయి అరుస్తూ లేచాడు. తీగకు తగులుకుని మానిటర్ టేబుల్ అంచు దాకా వచ్చింది. లావు సీఆర్‌టీ మానిటర్. నేను కడుపుతో ఆపా. ఆ రోజు నుంచి నా షాపులో దయ్యాల ఆటలు బంద్.

ఇంతకీ నా ప్రశ్న. ఆ పసుపు గది ఫోటో ఎక్కడ తీశారో తెలిసిందా? స్లెండర్‌మ్యాన్, మోమో, హీరోబ్రైన్, వీటన్నిటినీ ఎవరు పుట్టించారు? వివరంగా చెబితే వాడి భయం పోతుందని నా ఆశ. ఫోన్ లాక్కోమని మాత్రం చెప్పకండి. ఆ పని అక్క వచ్చిన రోజే చేసింది. ఇప్పుడు గేమ్ లేదు, భయం ఒక్కటే మిగిలింది.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

అన్నా, ఆ ఫోటో సంగతి తేలిపోయింది. పిల్లోడికి ధైర్యంగా చెప్పు.

2019 మే నెలలో ఫోర్‌చాన్ అనే సైట్లో ఆ ఫోటో కింద ఎవరో పేరు చెప్పకుండా నాలుగు లైన్ల కథ రాశారు. పొరపాటున నిజ ప్రపంచంలోంచి జారితే ఇక్కడ పడతావు, పాత తివాచీ కంపు, పసుపు రంగు పిచ్చి, లైట్ల మోత, 60 కోట్ల చదరపు మైళ్ల ఖాళీ గదులు, ఇదీ కథ. అందులో వాడిన "నోక్లిప్" మాట ఆటల వాళ్లదే. గేమ్‌లో గోడలు అడ్డు రాకుండా దూరిపోయే చీట్ అది. మీవాడు గోడ తాకనంటున్నది దానివల్లే. 2022 జనవరిలో కేన్ పార్సన్స్ అనే 16 ఏళ్ల అబ్బాయి ఆ గదుల్ని కంప్యూటర్లో కట్టి, పాత వీడియో క్యాసెట్‌లా కనబడే చిన్న సినిమా యూట్యూబ్‌లో పెట్టాడు. ఆ తర్వాత గేములు పుట్టగొడుగులే. ఎస్కేప్ ద బ్యాక్‌రూమ్స్ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది, నలుగురు కలిసి ఆడేది.

ఆ చోటు ఎక్కడిదో 2024లో పట్టుకున్నారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, ఆష్‌కోష్ అనే ఊరు. అంతకుముందు ఫర్నిచర్ షాపు నడిచిన బిల్డింగును ఒక హాబీ సామాన్ల షాపు తీసుకుంది. 2002లో మేడ మీద మరమ్మతులు చేస్తూ తీసిన ఫోటో అది. పాత వెబ్‌సైట్ల ఆర్కైవ్‌లో దొరికింది. ఇంకో మాట మీవాడికి తప్పకుండా చెప్పు. మరమ్మతులయ్యాక అక్కడ రిమోట్ కార్ల రేస్ ట్రాక్ పెట్టారు.

కారం దోశ (కడప):

ముందు ఆ చోక్ మార్చప్పా సామీ. ఎల్‌ఈడీ ట్యూబు వేస్తే సగం దయ్యాలు పోతాయి.

ఇంగ హీరోబ్రైన్ సంగతి. మైన్‌క్రాఫ్ట్‌లో తెల్ల కళ్లతో ఒకడు తిరుగుతాడని 2010లో పుకారు. కంపెనీ వాళ్లు లేడు లేడని చెప్పి విసిగి, కొత్త వెర్షన్ మార్పుల పట్టీలో "హీరోబ్రైన్‌ను తీసేశాం" అని సరదాకి రాశారు. లేనోడిని తీసేశామంటే ఎవడైనా ఊరుకుంటాడా? తీసేశారంటే ఉన్నట్టే కదా అని పుకారు రెండింతలైంది.

ఏడురోడ్ల టీచరమ్మ (కడప):

తమ్ముడూ, మోమో గురించి నేను చెప్తాను. ఆ సిగ్గు మాది కూడా.

2018లో మేం పనిచేసే బడిలో టీచర్ల వాట్సాప్ గ్రూపుకు ఒక మెసేజ్ వచ్చింది. ఉబ్బిన కళ్లు, చెవుల దాకా సాగిన నోరు ఉన్న ఆడమనిషి బొమ్మ, పిల్లలు జాగ్రత్త అని. మేం ఆలోచించకుండా తల్లిదండ్రులందరికీ పంపించాం. మర్నాడు నా క్లాసులో అడిగితే, మెసేజ్‌కు ముందే మోమో పేరు విన్నవాళ్లు ఇద్దరు. మెసేజ్ తర్వాత విన్నవాళ్లు మిగతా క్లాసు మొత్తం. దాన్ని ఇంటింటికీ మోసింది మేమే.

ఆ బొమ్మ చేసింది కెయిసుకె ఐసో అనే జపాన్ కళాకారుడు. 2016లో దయ్యాల బొమ్మల ప్రదర్శనకు చేశాడు. ఆడమనిషి తల, కింద పక్షి కాళ్లు. ఫోన్లలో తిరిగిన ఫోటోలో కాళ్లు కత్తిరించేశారు. రబ్బరు కుళ్లిపోతే 2018లోనే ఆయన పారేశాడు. మన పిల్లలు దానికి వణుకుతున్న రోజుల్లోనే అది చెత్తలో ఉంది! ఎస్‌సీపీ అని ఒక సైట్లో అందరూ కలిసి రాసే భయం కథలున్నాయి, వాటిలో 173 నంబరు విగ్రహానిదీ ఇదే వరస. అది ఇజుమి కాటో అనే ఇంకో జపాన్ శిల్పి పని. 2007లో ఎవరో ఆ ఫోటో తీసుకుని కథ అల్లారు. చివరికి 2022లో ఆ సైటు వాళ్లే ఫోటో తీసేశారు.

స్లెండర్‌మ్యాన్‌ను 2009 జూన్‌లో ఎరిక్ నడ్సెన్ అనే ఆయన పుట్టించాడు. ఒక సైట్లో మామూలు ఫోటోలను దయ్యాల ఫోటోలుగా మార్చే పోటీ పెడితే, రెండు నలుపు తెలుపు ఫోటోల్లో పిల్లల వెనక పొడుగాటి, ముఖం లేని మనిషిని అతికించాడు. అందరి కళ్ల ముందే తయారైన అబద్ధం. అయినా 2014లో విస్కాన్సిన్‌లోనే వాకెషా అనే ఊళ్లో ఇద్దరు పన్నెండేళ్ల ఆడపిల్లలు దాన్ని నిజమని నమ్మి సొంత స్నేహితురాలిని కత్తితో పొడిచారు. ఆ పిల్ల బతికింది. భయపెట్టాలని చెప్పడం లేదు. మీవాడిని ఒక్కటి అడగండి. "ఇది ఆట అని తెలిసీ భయమేస్తోందా, లేక నిజంగా ఉందనుకుంటున్నావా?" మొదటిదైతే లుంగీ అంచు పట్టుకోనివ్వండి, సెలవులయ్యేలోపు పోతుంది. రెండోదైతే అక్కతో కూర్చుని మాట్లాడండి.

నైట్ డ్యూటీ (కర్నూలు):

అన్నా, నేను మీ షాపులో 15 రూపాయలిచ్చి స్లెండర్ ఆడినవాణ్ణే అనుకుంటా. మానిటర్ పడేసింది నేను కాదు, ప్రమాణం.

ఇప్పుడు రాత్రిపూట సొంతంగా ఒక గేమ్ చేసుకుంటున్నా కాబట్టి ఒక మాట చెప్తా. కథ ఎవరు పుట్టించారో చెబితే భయం పోతుందని మీరు అనుకుంటున్నారు. పోదు. ఈ కథలన్నిట్లో భయపెట్టేది దయ్యం కాదు, షరతు.

స్లెండర్ తీసుకోండి. మార్క్ హ్యాడ్లీ అనే ఆయన చేసిన ఫ్రీ గేమ్. అడవి, టార్చిలైటు, ఏరుకోవాల్సిన కాగితాలు ఎనిమిది. షరతు ఏందంటే వాణ్ణి చూడకూడదు. చూస్తూ నిలబడితే స్క్రీన్ మీద చుక్కలు లేచి ఆట అయిపోతుంది. కానీ వాడెక్కడున్నాడో చూడకపోతే తప్పించుకోవడం ఎట్లా? అదే 2012లో ఫిన్లాండ్ నుంచి యోనాస్ రిక్కోనెన్ చేసిన ఎస్‌సీపీ కంటైన్‌మెంట్ బ్రీచ్ వచ్చింది. అందులో టీచర్ గారు చెప్పిన విగ్రహానిది సరిగ్గా తలకిందుల షరతు. చూపు తిప్పకూడదు. రెప్ప వాలిస్తే అది దగ్గరికొచ్చి మెడ విరుస్తుంది. స్క్రీన్ అడుగున ఒక గీత తగ్గుతూ ఉంటుంది. అది అయిపోతే నీ ఇష్టంతో పని లేకుండా రెప్ప పడుతుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు ఆ గీత వైపు చూస్తూ నా సొంత రెప్పలు కూడా బిగబట్టా. కళ్లలో నీళ్లు కారినాయి. విగ్రహం చేతులు కాళ్లు ఆడించదు, అరవదు. అంత పని నా కళ్లతోనే చేయించింది.

మీవాడి షరతు "గోడ తాకకూడదు". ఆష్‌కోష్ అడ్రసు చెబితే ఆ షరతు రద్దు కాదు.

మన దగ్గర ఇంతకంటే మంచి సరుకు ఉంది. "ఓ స్త్రీ రేపు రా." చిన్నప్పుడు మా వీధిలో తలుపుల మీద చూశా. బెంగళూరులో కన్నడంలో "నాళె బా" అని రాసుకున్నారు. ఆ ఆడదయ్యం రాత్రి తలుపు తట్టి, అయినవాళ్ల గొంతుతో పిలుస్తుంది. తలుపు మీద రాత చదువుకుని, సరే రేపొద్దామని పోతుంది. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. ఎంత మర్యాద చూడండి! నేను చేస్తున్న గేమ్ ఇదే. ఒక వీధి, ఇరవై తలుపులు. పొద్దు గుంకే లోపల చెరిగిపోయిన రాతలన్నీ సుద్దముక్కతో మళ్లీ రాయాలి. ఒక్క తలుపు మరిచిపోతే ఆ రాత్రి తట్టేది ఆ తలుపునే. ఎనిమిది నెలలైంది, తలుపు శబ్దం దగ్గరే ఆగిపోయా. రికార్డు చేసిన ప్రతి తలుపూ పక్కింటాయన అప్పు అడగడానికి వచ్చినట్టే వినిపిస్తోంది.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

బేలం గుహల్లో పెట్టు బ్రో, అదిరిపోతుంది. మూడు కిలోమీటర్ల పైన పొడవు, లోపల ఉక్క, లైటు పోతే చెయ్యి కనబడదు.

నైట్ డ్యూటీ (కర్నూలు):

గుహ అయితే అందరూ ముందే భయపడి వస్తారు. నాకు మామూలు వీధే కావాలి.

బురుజు జిరాక్స్ (కర్నూలు):

అందరికీ థ్యాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, జరిగింది జరిగినట్టు చెప్తా.

మొదట చోక్ సలహా పాటించా. ఎల్‌ఈడీ ట్యూబు బిగించా. మోత ఆగిపోయింది. ఆ రాత్రి వీడు నడవ మొదట్లో ఇంకాసేపు ఎక్కువ నిలబడ్డాడు. "మామా, సౌండ్ ఆగిందంటే అది దగ్గరికొచ్చింది" అన్నాడు. 240 రూపాయలు పాయె.

తర్వాత ఆష్‌కోష్ చెప్పా. కళ్లు పెద్దవి చేసి, "అంటే ఆ ప్లేస్ నిజంగా ఉందా?" అన్నాడు. నైట్ డ్యూటీ తమ్ముడు చెప్పినట్టే అయింది. రిమోట్ కార్ల ట్రాక్ మాట మాత్రం కొంచెం పనిచేసింది. ఏ కార్లు, ఎన్ని అని అడిగాడు. మధ్యలో అక్క అందుకుని ఆ కత్తితో పొడిచిన సంగతి కూడా విస్కాన్సిన్‌లోనే జరిగిందా అంది. అమెరికా సంబంధాలు వస్తే ఆ రాష్ట్రం వద్దంటుందట.

టీచరమ్మ గారి ప్రశ్న కూడా అడిగా. కాసేపు ఆలోచించి, "పగలు గేమ్ అని తెలుసు మామా, రాత్రి తెలీదు" అన్నాడు. ఇంతకంటే సరైన జవాబు నేను కూడా చెప్పలేను.

చివరికి పని మా అమ్మ చేతిలో పడింది. ఈ మాటలన్నీ వంటింట్లోంచి వింటోంది. ఉగ్గాణి కలుపుతున్న చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏందిరా, తలుపు మీద రాస్తే పోయే దానికి ఇంత రభసా?" అని వాడిని కూర్చోబెట్టి, ఆ కాలంలో మా వీధంతా సున్నంతో ఎలా రాశారో చెప్పింది. అప్పుడు మా నాయన ఇవన్నీ నమ్మనని రాయనిచ్చేవాడు కాదట. అమ్మ ఆయన నిద్రపోయాక రాసి, తెల్లారక ముందే తుడిచేసేదట. ఈ సంగతి నాకూ అక్కకూ ఇప్పుడే తెలిసింది.

వీడు సుద్దముక్క తీసుకున్నాడు. చదివేది ఇంగ్లీషు, బడిలో కన్నడం, తెలుగు అక్షరాలు ఈ సెలవుల్లోనే అవ్వ దగ్గర నేర్చుకుంటున్నాడు. నడవ తలుపు మీద నాలుక బయటపెట్టి కష్టపడి రాశాడు: "బేక్‌రూమ్స్ రెపు రా".

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "ఏత్వం యాడరా? రెపు అంటే దానికేం అర్థమైతుంది? చదువుకోలేక నేరుగా లోపలికొస్తుంది" అంది. వాడు ఒక్క ఉరుకున పోయి చెరిపి సరిచేశాడు. పైన "బే" అలాగే ఉండిపోయింది, అమ్మ పట్టించుకోలేదు, నేనూ చెప్పలేదు.

రాత్రి రెండింటికి లేచా, అలవాటైపోయింది కదా. పక్కన వాడు లేడు. పెరట్లో మగ్గు చప్పుడు వినిపించింది.