రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌కు ఏ ఆడియో డ్రైవర్ ఎంచుకోవాలి?

సత్యనారాయణపురం, విజయవాడ
మా అమ్మాయి పాడే కీర్తనలను రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌తో (మైకును కంప్యూటర్‌కు కలిపే పరికరం) విండోస్ కంప్యూటర్‌లో రికార్డు చేస్తున్నాను. హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తుండటంతో తాళం జారిపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంఎంఈ, వాసాపి, ఏసియో అనే మూడు డ్రైవర్లు (సాఫ్ట్‌వేర్‌కూ పరికరానికీ మధ్య ధ్వనిని చేరవేసే ప్రోగ్రామ్‌లు) కనిపిస్తున్నాయి. దేన్ని ఎంచుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

బ్రాడీపేట, గుంటూరు
నమస్కారమండీ. ఆలస్యానికి ప్రధాన కారణం విండోస్ మిక్సర్. బ్రౌజర్ శబ్దం, హెచ్చరిక గంట, మీ రికార్డింగ్ అన్నింటినీ అది ఒకే శాంపిల్ రేటుకు (సెకనుకు ఎన్ని ధ్వని నమూనాలు అనే లెక్క) మార్చి కలుపుతుంది కాబట్టి ఆ దారిన వెళ్లే ధ్వనికి సమయం పడుతుంది. ఎంఎంఈ పాత పద్ధతి, దాన్ని వదిలేయండి. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏసియో మిక్సర్‌ను పక్కనపెట్టి, సాఫ్ట్‌వేర్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్ డ్రైవర్‌తో కలుపుతుంది. విస్టాతో వచ్చిన వాసాపి కూడా పరికరాన్ని ఒకే ప్రోగ్రామ్‌కు అప్పగించే ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో ఆ పని చేస్తుంది, అన్ని ప్రోగ్రామ్‌లూ పంచుకునే షేర్డ్ మోడ్‌లో మాత్రం చేయదు. తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఏసియో డ్రైవర్ ఉంటే ముందు దాన్నే వేయండి. ఏసియోఫర్‌ఆల్ అనేది విండోస్ డ్రైవర్ మీదే పనిచేసే వంతెన కనుక, సొంత డ్రైవర్ లేని పరికరాలకే అది అవసరం.

పటమట, విజయవాడ
డ్రైవర్ మార్చాక బఫర్ (ధ్వని నమూనాలను కాసేపు నిల్వ ఉంచే తాత్కాలిక జాగా) సంగతి కూడా చూడాలి. 48,000 శాంపిల్ రేటు దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21.3 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, హెడ్‌ఫోన్స్‌కు వెళ్లేటప్పుడు ఇంకోసారి ఈ ఆలస్యం పడుతుంది, దానికి కన్వర్టర్ల (ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే భాగాల) సమయం అదనం. పాడేటప్పుడు 128 పెట్టి, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు 1024కు పెంచుకోవడం మంచి పద్ధతి.

సత్యనారాయణపురం, విజయవాడ
ఏసియో డ్రైవర్ వేశాక ఆలస్యం బాగా తగ్గింది, ధన్యవాదాలు. అయితే 128 దగ్గర మధ్యమధ్యలో చిటపటమంటోంది.

అరండల్‌పేట, గుంటూరు
బఫర్ ఖాళీ అయ్యేలోగా కంప్యూటర్ తర్వాతి భాగాన్ని అందించలేకపోతే ఆ చప్పుడు వస్తుంది. ప్రాసెసర్ బలంగా ఉన్నా, వైఫై డ్రైవర్ దాన్ని కాసేపు ఆపి ఉంచితే చాలు. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపి చూడండి, పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి, ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాకుండా కంప్యూటర్ పోర్టుకే తగిలించండి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. అప్పటికీ తగ్గకపోతే 256 పెట్టుకోండి.

బ్రాడీపేట, గుంటూరు
మీ ఇంటర్‌ఫేస్‌కు డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే, గొంతు కంప్యూటర్‌కు చేరకముందే హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది, అప్పుడు బఫర్ ఎంత పెద్దదైనా పాడేవారికి ఇబ్బంది ఉండదు. సాఫ్ట్‌వేర్‌లోని మానిటరింగ్‌ను మాత్రం ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. రికార్డయిన ట్రాక్ తాళానికి సరిగ్గా కూర్చోవడం డ్రైవర్ చెప్పే ఆలస్యం లెక్క మీద ఆధారపడుతుంది కనుక, డైరెక్ట్ మానిటర్ ఆపి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలిపి మెట్రోనోమ్ శబ్దాన్ని రికార్డు చేయండి. అసలు మెట్రోనోమ్, రికార్డయిన మెట్రోనోమ్ తరంగాలను తెరపై పెద్దవిగా చేసి పక్కపక్కన పోల్చి, తేడా కనిపిస్తే అది ఎన్ని శాంపిళ్లో చూసి, సాఫ్ట్‌వేర్ రికార్డింగ్ ఆఫ్‌సెట్‌లో (ట్రాక్‌ను ముందుకో వెనక్కో జరిపే అమరిక) అంతే సరిచేయండి.