పాటలు వింటూ, సీరియళ్లు చూస్తూ స్పానిష్ వచ్చేస్తుందా? క్లాసులో చేరాల్సిందేనా?

మందులకౌంటర్, డల్లాస్:
ఫార్మసీలో పనిచేస్తున్నాను. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామందికి స్పానిష్ తప్ప ఇంకో భాష రాదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాళ్లకు నేరుగా చెప్పగలగాలని నా కోరిక. క్లాసులకు టైము కుదరదు. కారులో పాటలు, రాత్రిపూట టీవీ చాలంటున్నారు తోటివాళ్లు. నిజమేనంటారా?

పాటలప్రియ:
నిజమేనండీ, అనుమానం పెట్టుకోకండి. అచ్చులు ఐదే. త, ద, ప, క మనం పలికినట్టే ఉంటాయి. ఒక పాట వెంటపడి పాడితే యాస దానంతటదే పట్టుబడుతుంది. పుస్తకంతో అది రాదు.

వ్యాకరణమే ముందు:
ఉచ్చారణ వరకు ఒప్పుకుంటాను. కానీ అడిగింది మందుల సంగతి. ప్రేమపాటల్లో దాదాపు అంతా ‘తూ’నే, అంటే మన ‘నువ్వు’. డెబ్బై ఏళ్ల పెద్దాయనతో ‘ఉస్తేద్’, అంటే మన ‘మీరు’ అని మాట్లాడాలి, క్రియ కూడా మారుతుంది: ‘తోమా’ కాదు, ‘తోమె’. “తోమె ఉనా పస్తీయా కాదా ఓచో ఓరాస్” అంటే ఎనిమిది గంటలకో మాత్ర వేసుకోండి అని. ఇది ఏ పాటలో దొరుకుతుంది? పైగా ఇప్పుడు మోగిపోతున్న పాటల్లో చాలా వాటికి ప్యూర్టోరికో యాస. మాట చివరి ‘స్’ మింగేస్తారు, ‘ర్’ చాలాసార్లు ‘ల్’ అయిపోతుంది. కొత్తవాళ్లకు తికమకే.

శాన్ ఆంటోనియో అక్క:
నా ఓటు టీవీకి, అయితే చూసే పద్ధతిలో చూస్తేనే. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడితే కళ్లు చదువుకుంటూ పోతాయి, చెవి పనిచేయదు. స్పానిష్ అక్షరాలే పెట్టుకోండి. డబ్బింగ్ షోలు వద్దు. డబ్బింగ్ ఒకరు, సబ్‌టైటిల్స్ ఇంకొకరు రాస్తారు కాబట్టి వినపడేదీ కనపడేదీ తరచూ వేరుగా ఉంటాయి. మొదటి నుంచీ స్పానిష్‌లో తీసినవే చూడండి. అప్పుడు తెరమీద ‘వా ఆ ఆసేర్’ అని మూడు మాటలు కనపడతాయి, చెవికి మాత్రం ‘వాసేర్’ అని ఒక్కటే వినపడుతుంది. మన సంధి లాంటిదే. ఇది తెలియకనే “వీళ్లు మరీ స్పీడ్” అని మానేస్తారు చాలామంది.

ఇంకోటి, దేశం ఒకటే పెట్టుకోండి. టెక్సాస్‌లో మీ కౌంటరుకొచ్చేది ఎక్కువగా మెక్సికో మూలాలవాళ్లే కదా, మెక్సికో సీరియళ్లు చూడండి. యూనివిజన్, తెలెముందో అనే స్పానిష్ చానళ్లు చాలా ఊళ్లలో మామూలు యాంటెన్నాకే వస్తాయి. అత్తగారు, డాక్టరు, చర్చి ఫాదరు, అందరూ ఉంటారు కాబట్టి ‘ఉస్తేద్’ కావలసినంత వినపడుతుంది. ఒక సీను ఆపి, ఆపి పైకి అనండి. ఊరికే గంటలు గంటలు చూస్తే ఏమీ రాదు.

పాటలప్రియ:
బొలేరోలు అనే పాత మెక్సికో ప్రేమపాటలు వినండి. నిదానంగా, ప్రతి అక్షరం తేటగా పాడతారు. ప్రేయసిని ‘ఉస్తేద్’ అని పిలిచేవీ ఉన్నాయి!

వ్యాకరణమే ముందు:
అది నాకు తెలియదు, వింటాను. అయినా నా మాట మారదు. టీవీ మీ తప్పు దిద్దదు. మీరు ‘ఎనిమిది’ అనబోయి ‘పద్దెనిమిది’ అంటే సీరియల్‌లో హీరోయిన్ ఆపదు కదా. డోసుల దగ్గర అది ప్రాణం మీదికి తెస్తుంది. వారానికి ఒక గంటైనా మీ మాట విని సరిచేసే మనిషి కావాలి. అప్పటిదాకా ఇంటర్‌ప్రెటర్ ఫోన్ లైన్ వదలకండి.

మందులకౌంటర్, డల్లాస్:
ఇంటర్‌ప్రెటర్ లైన్ వదలను, మాటిస్తున్నాను. మా షిఫ్టులో మెక్సికోలోని గ్వాదలహారా అమ్మాయి ఉంది, దిద్దమని తననే అడుగుతాను. అక్కా, ఆసుపత్రి సీన్లు ఎక్కువుండే మెక్సికో సీరియల్ ఏదైనా చెప్తారా?