ఆర్డుయినో నుంచి ఎస్‌టీఎం32కి మారాను, ఎల్ఈడీ కూడా వెలగడం లేదు

ప్రశ్న
సీఎస్ఈ మూడో సంవత్సరం. సీలో పాయింటర్లు, స్ట్రక్చర్లు, బిట్ ఆపరేషన్లు వచ్చు. ఆర్డుయినో యూనోతో సెన్సర్లు, సర్వో మోటార్లు వాడాను. ఇప్పుడు బ్లూ పిల్ బోర్డు (ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్) మీద లైబ్రరీ లేకుండా రిజిస్టర్లతో పీసీ13 పిన్‌కి ఉన్న ఎల్ఈడీని బ్లింక్ చేయాలని చూస్తున్నా. పిన్ మోడ్ నిర్ణయించే సీఆర్‌హెచ్ రిజిస్టర్‌లో అవుట్‌పుట్ మోడ్ పెట్టాను, పిన్‌కి 0 లేదా 1 పంపే ఓడీఆర్ రిజిస్టర్‌లో 13వ బిట్ మారుస్తున్నా, మధ్యలో డిలేకి ఖాళీ ఫర్ లూప్. బిల్డ్ ఎర్రర్లు లేవు, ఫ్లాష్ ఎక్కింది. కానీ డీబగ్గర్‌లో సీఆర్‌హెచ్ ఎప్పుడూ సున్నాయే. చిప్ పోయిందా అండీ?

జవాబు 1
చిప్‌కి ఏమీ కాలేదు, పోర్ట్‌కి క్లాక్ ఇవ్వలేదు. యూనోలో పోర్టులకి విడిగా క్లాక్ ఇవ్వక్కర్లేదు. ఇక్కడ రీసెట్ అవగానే జీపీఐఓ (పిన్ పోర్టుల) క్లాకులు ఆఫ్‌లో ఉంటాయి. క్లాక్ లేని పెరిఫెరల్‌కి ఏం రాసినా పడదు, చదివితే సున్నా వస్తుంది. ముందుగా క్లాకుల్ని నియంత్రించే ఆర్‌సీసీలోని ఏపీబీ2ఈఎన్ఆర్ రిజిస్టర్‌లో 4వ బిట్ (పోర్ట్ సీ క్లాక్) 1 చేయండి. అప్పుడు సీఆర్‌హెచ్ చదివితే హెక్సాలో ఎనిమిది నాలుగులు కనిపించాలి, అదే దాని రీసెట్ విలువ.

ఇంకో గొయ్యి ఇక్కడే ఉంది. అందులో పీసీ13కి చెందిన 4 మీద 2ని ఓఆర్ చేస్తే 6 అవుతుంది, అంటే ఓపెన్ డ్రెయిన్ (పిన్‌ని 0కి లాగుతుంది గానీ తనంతట 1 ఇవ్వని మోడ్). ఈ ఎల్ఈడీ వరకు పని జరిగిపోతుంది కాబట్టి తప్పు బయటపడదు. అదే కోడ్ వేరే పిన్‌కి వాడితే హై అసలు రాదు. 20 నుంచి 23 వరకు నాలుగు బిట్లూ చెరిపేసి, ఆ తర్వాత 2 పెట్టండి.

పీసీ13కి 0 రాస్తేనే ఎల్ఈడీ వెలుగుతుంది. ఆ పిన్ 3 మిల్లీఆంపియర్ల వరకు కరెంటు లాక్కోగలదు గానీ ఎల్ఈడీకి సరఫరా చేయలేదు. అందుకే బోర్డు మీద ఎల్ఈడీ 3.3 వోల్టుల వైపు నుంచి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు
క్లాక్ ఇచ్చాక వెలిగింది, థాంక్యూ అండీ. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఓ0లో (ఆఫ్‌లో) బ్లింక్ అవుతోంది, ఓ2 పెడితే ఆగకుండా కాస్త మసగ్గా వెలుగుతూనే ఉంది.

జవాబు 2
ఖాళీ లూప్‌తో ఏ పనీ జరగదని కంపైలర్ దాన్ని తీసేసింది. పిన్ కంటికి అందనంత వేగంగా మారుతోంది, అందుకే మసక. లూప్ వేరియబుల్‌ని వోలటైల్ (కంపైలర్ తీసేయకుండా ఆపే కీవర్డ్) చేస్తే బ్లింక్ వస్తుంది గానీ, ఆప్టిమైజేషన్ మార్చినప్పుడల్లా డిలే మారుతుంది. సిస్‌టిక్ (చిప్‌లోని టైమర్) వాడండి. క్లాక్ ఏమీ మార్చకపోతే చిప్ లోపలి 8 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, కాబట్టి లోడ్ రిజిస్టర్‌లో 7999, కంట్రోల్‌లో 7 పెడితే 1 మిల్లీసెకనుకో ఇంటరప్ట్. 72 మెగాహెర్ట్జ్ అనుకుని 71999 పెడితే అది 9 మిల్లీసెకన్లవుతుంది. కంట్రోల్‌లో 3 పెడితే క్లాక్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్ ఫంక్షన్‌లో పెంచే కౌంటర్ కూడా వోలటైల్‌గానే ఉండాలి.

హ్యాండ్లర్ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా లింకర్ కిక్కురుమనదు. స్టార్టప్ ఫైల్‌లోని డీఫాల్ట్ హ్యాండ్లర్‌కి వెళ్లి ప్రోగ్రామ్ అక్కడే తిరుగుతుంటుంది. హ్యాంగ్ అయితే డీబగ్గర్‌లో పాజ్ నొక్కి ఏ ఫంక్షన్‌లో ఉందో చూడండి.

జవాబు 3
యూనో కోసం కొన్న 5 వోల్టుల సెన్సర్లు ఉంటే జాగ్రత్త. పీఏ0 నుంచి పీఏ7 వరకు పిన్నులు 5 వోల్టులకి తట్టుకోవు. డేటాషీట్ పిన్ టేబుల్‌లో ఎఫ్‌టీ (5 వోల్టులకి తట్టుకునేది) అని ఉన్నవే తట్టుకుంటాయి. మిగతావాటికి సెన్సర్ అవుట్‌పుట్ నుంచి పిన్‌కి 10 కిలోఓమ్‌లు, పిన్ నుంచి గ్రౌండ్‌కి 20 కిలోఓమ్‌లు పెడితే దాదాపు 3.3 వోల్టులకి దిగుతుంది.