శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు పరుగు: శిక్షణ ఎలా ఉండాలి?

ప్రశ్న (నాగావళి గట్టు, శ్రీకాకుళం):
రోజూ ఉదయం ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనూ, ఆదివారాల్లో కళింగపట్నం రోడ్డు మీదా పరుగెత్తుతుంటాను; మారథాన్ దూరాన్ని ఇబ్బంది లేకుండా పూర్తి చేయగలను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ చేయించుకుంటున్న వారి రానుపోను ఖర్చుల కోసం విరాళాలు సేకరిస్తూ, వచ్చే ఏడాది 44వ జాతీయ రహదారి వెంట రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున దేశం పొడవునా పరుగెత్తాలని ఉంది. మూడు నెలలు వరుసగా పరుగెత్తడానికి శరీరాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కొండదారి):
అలసట తీరని కాళ్లతో మర్నాడు మళ్లీ నింపాదిగా కదలడం అలవాటు కావాలి. అందుకని శనివారం 30, ఆదివారం 25 కిలోమీటర్లు అన్నట్టు జంటగా మొదలుపెట్టి, కొన్ని నెలల్లో వరుసగా నాలుగైదు రోజులకు తీసుకురండి. ఊపిరి, కండరాలు త్వరగానే గట్టిపడతాయి గానీ ఎముకలకు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకు ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి ఓపిక ఉందనిపించినా వారం మొత్తం దూరాన్ని పదో వంతుకు మించి పెంచకండి. జమ్ము వైపు దిగేటప్పుడు తొడల మీద పడే భారానికి శాలిహుండం కొండ దిగుడు కొంతవరకు అలవాటు చేస్తుంది. ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచునే పరుగెత్తాలి, కానీ అక్కడ రోడ్డు బయటికి వాలి ఉండటంతో కుడికాలు ఎప్పుడూ పల్లంలో పడి తుంటి నొప్పి పుడుతుంది. సర్వీసు రోడ్డు దొరికిన చోటల్లా అందులోకి దిగండి. బూట్లు ఐదారు జతలైనా కావాలి, పాదాలు వాస్తాయి గనుక కొన్ని అర సైజు పెద్దవి కొనండి.

జవాబు (చోడి అంబలి):
పైన రాసినవారు నొప్పి మాత్రల సంగతి వదిలేశారు. కిడ్నీ రోగుల కోసం పరుగెత్తే మనిషి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకుంటూ పరుగు కొనసాగిస్తే తన కిడ్నీలకే ముప్పు తెచ్చుకుంటాడు. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం ఎలాగూ తక్కువగా చేరుతుంది, దాన్ని నిలబెట్టే రసాయనాలను ఈ మాత్రలు అడ్డుకుంటాయి. మూత్రం డికాషన్ రంగులో వస్తే పరుగు ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పోల్చి చూసుకోవడానికి బయలుదేరే ముందే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఇక వట్టి నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. మన కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన అంబలి, మజ్జిగ మేలు. వీటన్నిటినీ శిక్షణలోనే తాగి, కడుపుకు ఏది పడుతుందో చూసుకోవాలి.

జవాబు (ఇచ్ఛాపురం వాసి):
క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్ అనే యువకుడు 1980లో విరాళాల కోసం కృత్రిమ కాలితో కెనడాలో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తినప్పుడు అతని మిత్రుడు వ్యాన్ నడుపుతూ వెంట ఉన్నాడు. మీకూ అలాంటి మనిషి తప్పనిసరి, శిక్షణ రోజుల నుంచే అతన్ని వెంటబెట్టుకోండి. సెప్టెంబరు మధ్యలో బయలుదేరితే కశ్మీరు మంచును, ఢిల్లీ దగ్గరి నవంబరు పొగను తప్పించుకోవచ్చు, తమిళనాడులో మాత్రం వానలు పడవచ్చు. విరాళాలు మీ సొంత ఖాతాలో కాకుండా దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు దొరికే 80జీ గుర్తింపు ఉన్న సంస్థ ఖాతాలోనే నేరుగా పడేలా చూడండి. వ్యాన్ డీజిలు, బస ఖర్చులకు వేరే డబ్బు సమకూర్చుకుని, ఆ సంగతి విరాళం అడిగేటప్పుడే రాసి చూపించండి.