ఈ వారం సమస్య: కాకి బొమ్మ బడికి కళను దెచ్చె

అరసున్న (నిర్వహణ):
ఈసారి సమస్య (పద్యం చివరి పాదం మేమిస్తాం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి) మా ఇంట్లోంచే వచ్చింది. మా ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఒకటి నుంచి ఐదు దాకా, ఇద్దరే టీచర్లు, అందులో ఒకరు మా అక్క. బడికో గుర్తు ఉండాలి, యూనిఫాం జేబు మీద కుట్టించాలి, గోడ మీద వేయించాలి అనుకున్నారు. ఎవరో ఉత్సాహంగా మూడు సింహాల బొమ్మ పెట్టి ఫ్లెక్సీకి డిజైన్ కూడా చేయించేశారు. అది జాతీయ చిహ్నం, దాని మీద 2005లో చట్టమే ఉంది, అనుమతి లేకుండా ఎవరు పడితే వాళ్లు వాడటానికి వీల్లేదని అక్క ఆపించింది. తర్వాత వీణ, హంస, దీపం, తెరిచిన పుస్తకం... ఏ బడి గేటు చూసినా అవే కదండీ. చివరికి పిల్లల్నే గీయమంటే మూడో తరగతి పాప కాకిని గీసింది, మధ్యాహ్న భోజనం వేళ ప్రహరీ మీద కూర్చుని ఎదురుచూసే కాకిని. చేతులెత్తించి లెక్కపెడితే అదే గెలిచింది. మొన్ననే ఆవిష్కరణ. ఆ ముచ్చట చివర్లో.

ఇది ఆటవెలది అనే నాలుగు పాదాల ఛందస్సులో నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (ఒక గురువు, ఒక లఘువు, అంటే పొడుగు, పొట్టి అక్షరాలు; లేదా మూడు లఘువులు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొందిక, కా–క. వాడుక మాటలు పడినా ఫర్వాలేదు, గణం మాత్రం తప్పొద్దు.

తాటాకు:
బోణీ నాదే.

కుండ లోన నీళ్లు కొంచెమే యుండగా
గులక రాళ్లు వేసి గొంతు తడిపె
తెలివి యున్న చాలు తెలుపేల నలుపేల
కాకి బొమ్మ బడికి కళను దెచ్చె

గురులఘువు:
నడక హాయిగా ఉంది తాటాకు గారూ, మూడో పాదం నోట్లో ఆడుతోంది. కానీ గొంతు తడుపుకున్నది ఎవరో నాలుగో పాదం దాకా తెలీదు, అప్పటికి ఆ కాకి బొమ్మయి కూర్చుంది. పైగా కాకి అనగానే కుండా గులకరాళ్లూ అందరికీ మొదట తట్టేవే. రెండోసారి తట్టింది రాసి ఉంటే ఇంకా బాగుండేది.

తాటాకు:
ఒప్పుకున్నాను. బోణీ తొందర.

కొత్త కలం:
మొదటి ప్రయత్నం, తిట్టకండి.

రాజముద్రలేల రంగుల హంగులు
సింహములును మనకు వలదు వలదు
చెట్టు పైన నున్న చుట్టాన్ని పిలువగా
కాకి బొమ్మ బడికి కళను దెచ్చె

గురులఘువు:
తిట్టడం ఎందుకండీ, భావం చక్కగా ఉంది. కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం, మీరు కాకినే చుట్టం చేశారు. రెండో పాదంలో గణాలు సరిపోయాయి కానీ యతి లేదు, 'సిం'కి 'వ' కుదరదు. 'సింహములును మనకు చెల్ల వనిరి' అంటే యతీ కుదురుతుంది, ఆ చట్టం సంగతీ లోపలికొస్తుంది.

తాటాకు:
మూడో పాదంలో కూడా యతి తప్పింది కదా? 'చె'కి 'చు' ఎలా చెల్లుతుంది, ఎత్వానికి ఉత్వం పడదుగా.

గురులఘువు:
అక్కడ యతికి బదులు ప్రాసయతి ఉంది. చెట్టు, చుట్టా: రెండో అక్షరం రెండు చోట్లా ట్ట, ముందున్నవి రెండూ గురువులు. ఆటవెలదికి ప్రాసయతి చెల్లుతుంది. కొత్త కలం గారికి తెలిసి పడిందో తెలియక పడిందో గానీ, బ్రహ్మాండంగా పడింది.

కొత్త కలం:
తెలియకే పడిందండీ :)

బండిరా:
నేను కాకిని విరిచేస్తున్నా. 'బండి ర' (పాత అక్షరం ఱ) గుర్తుగా పెట్టుకున్నవాడికి ఆ మాత్రం హక్కుంది.

పిల్లలంత చేరి పెద్ద చెట్టును గీయ
నీడ నొక్క చిన్ని నేస్త ముండె
గుంపులోన కాదు గుర్తుపై నిలిచె నే
కాకి బొమ్మ బడికి కళను దెచ్చె

'నిలిచెను ఏకాకి బొమ్మ' అని చదువుకోవాలి.

అరసున్న:
విరుపు దొరికిందనగానే నాకూ నవ్వొచ్చింది. కానీ బండిరా గారూ, చెట్టు కింద ఒంటరి పిల్లను జేబు మీద కుట్టుకు తిరగడం కొంచెం దిగులుగా ఉండదూ? సమస్యను తప్పించుకోవడానికి విరుపు బ్రహ్మాండమైన దారి, అయితే ఈ సమస్యలో అసలు సరదా కాకిని తప్పించుకోకపోవడంలోనే ఉంది.

బండిరా:
సరే, కాకి నన్ను తన్నిందనుకుంటా.

తాటాకు:
ఊళ్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదా అరసున్న గారూ? శనీశ్వరుడి వాహనం కదా.

అరసున్న:
చెప్పకేం. 'పిండం ముట్టేదాన్ని బడి మీద పెడతారా' అన్నారు మా పెదనాన్న. అక్క ఫోన్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుర్తు తీసి చూపించింది. కౌతా రామమోహన శాస్త్రి గారు వేసిన బొమ్మ, ఉదయించే సూర్యుడు, పద్మం, వాటితో పాటు రెండు పాములు. 'అంత పెద్ద చదువుల చోట పాములుండగా లేనిది...' అంది. ఆయన కాసేపు చూసి, 'అవి దేవతా సర్పాలే' అని లేచి వెళ్లిపోయారు. అడ్డు మాత్రం చెప్పలేదు.

పలక బలపం:
ఆలస్యంగా వచ్చాను.

జామకాయ నొకటి జట్టుగా పంచెడు
కాకి యెంగిలెరుగు గడుసువాళ్లు
చొక్క జేబు పైన చోటిచ్చి కుట్టగా
కాకి బొమ్మ బడికి కళను దెచ్చె

గురులఘువు:
కాకెంగిలి! ఇన్నేళ్లుగా పద్యాలు చూస్తున్నాను, జామకాయ మీద చొక్కా అంచు కప్పి కొరకడం ఒక్క పద్యంలోనూ తగల్లేదు. రెండు చిన్న మాటలు. చొక్కాను చొక్క అని కుదించారు, మా వైపు అంటారు గనక నేను పట్టించుకోను. 'పంచెడు' మాత్రం ఈ పిల్లల పక్కన పంచె కట్టుకుని నిలబడ్డట్టుంది. 'పంచిన' అనండి, గణం చెడదు.

పలక బలపం:
మార్చేశాను. జామకాయ కాదు నిజానికి, మాది మామిడి ముక్క, ఉప్పూకారం. గణం కోసం జామ.

అరసున్న:
ఈ వారం పలక బలపం గారిదే. ఇక ఆవిష్కరణ. పెయింటర్ అన్న కాకికి నెత్తి నుంచి తోక దాకా నలుపు పూసేశాడు. పాప చూసి 'ఇది మన కాకి కాదు' అంది. నిజమే, ఊరకాకికి మెడ బూడిద రంగు, ఒళ్లంతా నలుపైతే అది బొంతకాకి. తన బొమ్మలో ఆ పిల్ల మెడ దగ్గర తడి వేలితో రుద్ది మరీ రంగు తగ్గించింది, మేమెవరం గమనించలేదు. దాంతో తెల్ల ఎనామిల్‌లో చుక్క నలుపు కలిపి మెడ మళ్లీ వేశాడు, సభకు అరగంట ముందు. తడి ఆరకుండానే దుప్పటి కప్పారు. అతిథి తాడు లాగితే దుప్పటి అంతా జారింది గానీ మెడ దగ్గర అతుక్కుపోయింది. వంట చేసే అమ్మ వచ్చి ఉడికిన దుంపకు తొక్క తీసినట్టు మెల్లగా ఒలిచింది. ఆ మెడ మీద దుప్పటి నేత అచ్చు పడి ఇప్పటికీ అలాగే ఉంది. పిల్లలు అవి ఈకలే అనుకుంటున్నారు.

జేబు బ్యాడ్జీ రెండంగుళాలే. ముందు బడి పేరు, ఊరు, మండలం అన్నీ పెట్టి కుట్టిస్తే వత్తులూ గుడులూ దారంలో ముద్దయిపోయాయి. ఇప్పుడు కాకీ, ఊరి పేరూ అంతే. బూడిద మెడ వల్లే అంత చిన్న బొమ్మలోనూ తల వేరుగా తెలుస్తోంది.

వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదే: 'గంట కొట్టగానె గంగ పొంగె'. కొళాయి అని మాత్రం అందరూ ఒకేసారి రాయకండి.